అమ్మ చేతిరాతను పచ్చబొట్టు పొడిపించుకుంటే పాపమా?

ప్రశ్న: నా వయసు 27. ఎనిమిది నెలల కిందట అమ్మ పోయింది. ఆవిడ రోజూ పొద్దున్నే ఒక నోటుబుక్కులో 'ఓం నమశ్శివాయ' అని పేజీ నిండా రాసుకునేది. జబ్బు ముదిరాక కూడా మానలేదు. చివరి పేజీ సగంలో ఆగిపోయింది. ఆ ఆఖరి లైనును అమ్మ చేతిరాతలోనే నా ఎడమ మణికట్టు లోపలివైపు టాటూ వేయించుకోవాలని ఉంది. నాన్నగారు ఒప్పుకోవట్లేదు. దేవుడి పేరు ఒంటి మీద ఉంటే మైల తగులుతుందని, పచ్చబొట్టు ఉన్నచోట ఒంటికి నీళ్లు అంటవు కాబట్టి ఎంత స్నానం చేసినా శుద్ధి కాదని అంటున్నారు. నేను పెళ్లి చేసుకోబోయే అబ్బాయిది క్రైస్తవ కుటుంబం. పచ్చబొట్లు వద్దని బైబిల్లోనే ఉందని కాబోయే అత్తగారు అంటున్నారు. నా ఫ్రెండ్ థాయిలాండ్‌లో ఒక బౌద్ధ భిక్షువు చేత వేయించుకుని వచ్చింది. దానికి రక్షణ శక్తి ఉందట, నన్నూ అక్కడికే వెళ్లమంటోంది. టాటూ వేసే అబ్బాయి ఇంకో మెలిక పెట్టాడు. 'నమశ్శివాయ' తప్పట, 'నమః శివాయ' అని దిద్దాలట. అసలు టాటూకి మతపరంగా, ఆధ్యాత్మికంగా అర్థం ఉందా? వేయించుకుంటే పాపమా? పెళ్లయ్యాక కూడా నేను ఎవరినో నాకు గుర్తుండాలని నా కోరిక. పెళ్లి ఇంకా నాలుగు నెలలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ ఉత్తరంలో ఉన్న చిక్కుముడుల్లో తేలికైనది టాటూ అబ్బాయి వేసింది. ముందు దాన్ని విప్పేద్దాం. అమ్మగారు రాసింది తప్పు కాదు. విసర్గ తర్వాత 'శ' వస్తే ఆ విసర్గ కూడా శకారమై పక్క అక్షరంలో కలిసిపోతుంది. సంస్కృతంలో అది మామూలు సంధి. విడదీస్తే 'నమః శివాయ', కలిపితే 'నమశ్శివాయ'. రెండూ ఒప్పే. పోనీ తప్పే అనుకుందాం, అప్పుడు మాత్రం దిద్దించుకుంటారా? మీకు కావాల్సింది అమ్మ చేతిరాత. దిద్దిన మరుక్షణం అది టాటూ అబ్బాయి చేతిరాత అయిపోతుంది.

తర్వాత నాన్నగారి నీళ్ల సంగతి. టాటూ సూది సిరాను చర్మం పైపొర మీద వదలదు. ఆ పొర దాటించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దించుతుంది. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొత్తది వస్తూ ఉంటుంది. స్నానంలో మనం తడిపేది దాన్నే. పచ్చబొట్టు ఉన్నచోట కూడా ఆ పొర మామూలుగానే ఉంటుంది, మామూలుగానే తడుస్తుంది. నమాజుకు ముందు ముఖం, కాళ్లు, చేతులు కడుక్కునే వుజూ గురించి ముస్లిం పండితులకు కూడా అచ్చం ఇదే ప్రశ్న వచ్చింది. పచ్చబొట్టే తప్పు అనేవాళ్లు సైతం, అది చర్మం కింద ఉంటుంది కాబట్టి నీళ్లకు అడ్డు కాదనే చెప్తారు. గోళ్లరంగు వేరు, అది గోరు మీద పొరలా కూర్చుంటుంది. నాన్నగారు బహుశా పచ్చబొట్టును కూడా అలాంటిదే అనుకుని ఉంటారు.

ఆ సిరా అక్కడే ఎలా నిలిచిపోతుందో మీకు చెప్పాలనిపిస్తోంది. ఒంట్లోకి వచ్చిన పరాయి వస్తువును మింగే కణాలు కొన్ని చర్మంలో ఉంటాయి. సిరా చుక్కల్ని అవి మింగి, అరిగించుకోలేక అలాగే పట్టుకుని కూర్చుంటాయి. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో సంగతి బయటపడింది. ఆ కణం చచ్చిపోయినప్పుడు సిరా బయటికొస్తుంది, దాని చోటుకు వచ్చిన కొత్త కణం మళ్లీ ఆ సిరానే మింగుతుంది. మనం చెరగని గుర్తు అనుకునేది లోపల అలా చేతులు మారుతూ బతుకుతుందన్నమాట.

ఇక మైల. ఈ మాట నాన్నగారితో వాదనగా కాకుండా కథగా చెప్పండి. ఛత్తీస్‌గఢ్‌లో రామ్‌నామీలని ఉన్నారు. 1890ల్లో పరశురామ్ అనే ఆయనతో మొదలైన సమాజం అది. గుళ్లోకి రానివ్వని, దేవుడి పేరు ఎత్తితేనే మైల అన్న రోజుల్లో ఆ దళితులు ఏం చేశారంటే, 'రామ' అనే రెండక్షరాల్ని ఒంటి మీద పొడిపించుకున్నారు. కొందరు నుదుటి మీద. కొందరు కనురెప్పలు కూడా వదలకుండా తల నుంచి కాళ్ల దాకా. వాళ్లను 'నఖశిఖ్' అంటారు, అంటే గోటి నుంచి శిఖ దాకా. వాళ్ల రాముడు గుళ్లో విగ్రహం కాదు, రూపం లేనివాడు. గుడికి రావద్దన్నారు కాబట్టి ఒళ్లే గుడి అయింది. ఇప్పుడు వాళ్ల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్తూ ముఖం మీద పొడిపించుకోవడానికి వెనకాడుతున్నారు. ఒళ్లంతా నామం ఉన్నవాళ్లు కొద్దిమందే, అదీ ముసలివాళ్లే మిగిలారు. ఆ ముసలివాళ్ల ఫొటోలు ఒకసారి చూడండి. ముడతలు పడ్డ చెంప మీద సిరా పలచబడి, అక్షరం అక్షరంలో కలిసిపోయి, దూరం నుంచి నీలం నేత గుడ్డలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే మళ్లీ రామ, రామ, రామ. వాళ్ల ముందు నిలబడి 'మైల' అనడానికి ఎవరికైనా నోరు రావడం కష్టం.

వైష్ణవుల్లో దీక్ష తీసుకునేటప్పుడు కుడి భుజం మీద చక్రం, ఎడమ భుజం మీద శంఖం కాల్చిన ముద్రలు వేస్తారు. సూది కాదు, సిరా కాదు, కానీ భావం అదే. ఈ ఒళ్లు ఫలానా స్వామిది అని. అది తప్పనే పెద్దలు లేరా అంటే, ఇతర సంప్రదాయాల్లో ఉన్నారు, వాదనలూ జరిగాయి. హిందువులందరికీ వర్తించే ఒకే నిషేధం, ఒకే అనుమతి ఈ విషయంలో లేవు. మీది శివనామం కాబట్టి నాన్నగారు "అది వాళ్ల సంగతి" అనొచ్చు. అననివ్వండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. టాటూకి ఆధ్యాత్మిక అర్థం ఉంది, కానీ అది బొమ్మలో ఉండదని నా అభిప్రాయం. తామరపువ్వంటే జ్ఞానం, తాబేలంటే దీర్ఘాయువు అని పట్టికలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటిని ఎవరైనా రాసిపడేయొచ్చు. అసలు ఒంటి మీద ప్రతి గుర్తూ దేవుడి కోసమే కూడా కాదు. ఆల్ప్స్ మంచులో 5,300 ఏళ్లు పడి ఉండి 1991లో బయటపడ్డ మనిషి శరీరం మీద 61 గుర్తులు లెక్కపెట్టారు. చాలావరకు చిన్న చిన్న గీతలు, అదీ నడుము, మోకాళ్లు, చీలమండల దగ్గర, కీళ్లు అరిగిన చోట్ల. నొప్పికి వైద్యంగా వేసుకుని ఉంటాడని చాలామంది పరిశోధకుల ఊహ.

మతం చేతికి వచ్చాక మాత్రం ఆ గుర్తు చాలావరకు ఒకే మాట చెప్తూ వచ్చింది: నేను ఫలానావారి మనిషిని. పచ్చబొట్టును మెచ్చుకున్న మతాలు ఆ మాట కోసమే మెచ్చుకున్నాయి, వద్దన్నవి కూడా చాలాసార్లు ఆ మాట కోసమే వద్దన్నాయి.

గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ ఈజిప్టు గురించి ఒక సంగతి రాశాడు. నైలు నది సముద్రంలో కలిసే ఒక పాయ దగ్గర గుడి ఉండేదట. యజమాని దగ్గర నుంచి పారిపోయిన బానిస అక్కడికి చేరి, ఒంటి మీద పవిత్రమైన గుర్తులు వేయించుకుని తనను దేవుడికి ఇచ్చేసుకుంటే, ఇక అతన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదట. ఇదెందుకు చెప్తున్నానంటే, గ్రీకులు, రోమన్లు పచ్చబొట్టును ఎక్కువగా బానిసలకు, నేరస్తులకు వేసేవాళ్లు. దాన్ని 'స్టిగ్మా' అనేవాళ్లు. అంటే ఒక గుర్తు యజమానిది, ఇంకో గుర్తు దేవుడిది. రెండోది పడితే మొదటిది చెల్లదు. తొలినాటి క్రైస్తవ బోధకుడు సెయింట్ పాల్, బైబిల్లో ఉన్న గలతీయుల పత్రిక అనే ఉత్తరం చివర్లో యేసు గుర్తులు నా దేహం మీద ఉన్నాయి అన్నప్పుడు వాడింది ఆ మాటనే. ఆయన అన్నది దెబ్బల మచ్చల గురించే కావచ్చు, కానీ ఆ కాలంలో ఆ మాట విన్నవాళ్లకు గుర్తొచ్చేది బానిస ఒంటి మీద యజమాని వేయించిన గుర్తు.

కాబోయే అత్తగారి మాటకు వద్దాం. ఆవిడ అన్నది నిజమే. లేవీయకాండం 19వ అధ్యాయం 28వ వచనంలో ఉంది: చనిపోయినవారి కోసం ఒళ్లు కోసుకోవద్దు, ఒంటి మీద గుర్తులు పొడిపించుకోవద్దు. దీనికి జవాబుగా చాలామంది వాడే ఒక ఎత్తు ఉంది. దాని ముందు వచనంలోనే గడ్డం అంచులు కత్తిరించుకోవద్దని కూడా ఉంది కదా, అది పాటిస్తున్నారా అని అడగడం. మీరు ఆ పని చేయకండి. వాదన గెలుస్తారు, అత్తగారు దూరమవుతారు.

ఆ వచనాన్ని నెమ్మదిగా చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. అది 'నేను యెహోవాను' అన్న మాటతో ముగుస్తుంది. నువ్వు నా మనిషివి, చనిపోయినవారి కోసం ఇతరులు చేసే ఆచారాలు నీకెందుకు అన్న ధ్వని అందులో ఉంది. యూదుల ధర్మశాస్త్రమైన మిష్నాలో ఒక పండితుడి అభిప్రాయం నమోదై ఉంది: ఊరికే గుర్తు వేసుకుంటే శిక్ష లేదు, దేవుడి నామం రాసుకుంటేనే శిక్ష. మరి యెషయా గ్రంథం 44వ అధ్యాయంలో ఒకడు తన చేతి మీద 'యెహోవా వాడను' అని రాసుకుంటాడని మంచి మాటగానే వస్తుంది. క్రైస్తవులకు అసలు భయం పుట్టేది బైబిల్ ఆఖరి పుస్తకం నుంచి. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో దేవుడికి ఎదురుతిరిగిన 'మృగం' ముద్ర కుడి చేతి మీదో నొసటి మీదో వేస్తారు. పేజీ తిప్పితే 14వ అధ్యాయం మొదటి వచనంలోనే దేవుడి పేరు నొసళ్ల మీద ఉన్నవాళ్లు నిలబడి ఉంటారు. రెండు చోట్లా అడిగేది ఒకటే: ఎవరి ముద్ర?

చర్చి చరిత్రలోనూ ఇదే తర్కం నడిచింది. ముఖం దేవుడి పోలికలో ఉంది కాబట్టి శిక్షపడ్డవాళ్ల ముఖం మీద గుర్తులు వేయొద్దని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 316 ప్రాంతంలో చట్టం చేశాడు. చేతుల మీదా, పిక్కల మీదా వేసుకోవచ్చన్నాడు, అంత దయ! 787లో ఇంగ్లండు ఉత్తరాన నార్తంబ్రియాలో జరిగిన చర్చి సభ అయితే సూటిగా చెప్పింది. దేవుడి కోసం ఆ నొప్పి ఓర్చుకుంటే పుణ్యం ఉంది, అన్యమతాల మూఢనమ్మకంతో చేస్తే ఏ ప్రయోజనం లేదు. జెరూసలేం వెళ్లిన క్రైస్తవ యాత్రికులు శిలువ గుర్తు పొడిపించుకుని రావడం నాలుగు వందల ఏళ్ల కిందటి యాత్రా రచనల్లోనే ఉంది. చెక్కమీద చెక్కిన అచ్చును సిరాలో ముంచి చేతి మీద అద్ది, ఆ గీతల వెంట సూది నడిపేవాళ్లు. తర్వాత ఏడో ఎడ్వర్డ్‌గా ఇంగ్లండు రాజైన యువరాజు కూడా 1862లో అక్కడ వేయించుకున్నవాడే. ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులు ఇప్పటికీ చిన్నప్పుడే కుడి మణికట్టు లోపలివైపు చిన్న శిలువ వేయిస్తారు. అత్తగారు ఇవన్నీ తెలుసుకుని మనసు మార్చుకుంటారని నేను చెప్పను. చాలామంది క్రైస్తవులు తమ మనస్సాక్షి మీద, తమ చర్చి బోధ మీద ఆధారపడి పచ్చబొట్టు వద్దనుకుంటారు. అది వాళ్ల హక్కు. కానీ క్రైస్తవం మొత్తం దీన్ని పాపమంటుంది అన్న మాట మాత్రం నిలబడదు.

ఇస్లాం సంగతి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. పచ్చబొట్టు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని ప్రవక్త శపించారని, ఆయన మాటల్ని సేకరించిన బుఖారీ, ముస్లిం అనే ఇద్దరి సంకలనాల్లో హదీసు ఉంది. సున్నీ పండితులు దాని ప్రకారం వద్దంటారు. షియాల్లో ఇరాక్‌లోని అయతొల్లా సిస్తానీ లాంటివాళ్లు అనుమతిస్తారు. ఆడవాళ్లు పెట్టుకునే గోరింటాకుకు మాత్రం అభ్యంతరం లేదు.

మీ ఫ్రెండ్ వేయించుకున్నది 'సక్ యంత్'. సక్ అంటే పొడవడం, యంత్ అంటే మన యంత్రమే. నకోన్ పథోమ్‌లోని వాట్ బాంగ్ ఫ్రా ఆలయం దీనికి బాగా పేరున్న చోటు. భిక్షువు పొడవాటి లోహపు కమ్మీతో చుక్క చుక్కగా పొడుస్తూ, కంబోడియా పాత ఖ్మేర్ లిపిలో పాలీ భాష మాటలు రాసి, చివర మంత్రం చదివి ఊదుతాడు. ఏటా మార్చిలో గురుపూజ రోజున వేలమంది అక్కడ చేరతారు. వీపు మీద పులి ఉన్నవాళ్లు కొందరు పూనకం వచ్చి పులిలా గాండ్రిస్తూ పరిగెడతారు. పర్యాటకులకు ఇంతవరకే కనిపిస్తుంది. ఆ గురువులు చెప్పేది ఇంకొకటి ఉంది. యంత్రం వేయించుకున్నవాడు కొన్ని నియమాలు పాటించాలి, కనీసం పంచశీల: చంపకూడదు, దొంగిలించకూడదు, తప్పుడు సంబంధం పెట్టుకోకూడదు, అబద్ధమాడకూడదు, తాగకూడదు. నియమం తప్పితే యంత్రం పనిచేయదు. అంటే వాళ్ల లెక్కలోనే శక్తి సిరాలో లేదు, మాట నిలబెట్టుకోవడంలో ఉంది. మీ ఫ్రెండ్‌ను ఏ నియమాలు చెప్పారో అడిగి చూడండి. గుర్తులేదంటే ఆవిడ ఒంటి మీద ఉన్నది అందమైన బొమ్మ. అందులో తప్పేం లేదు, కానీ దాని కోసం మీరు విమానం ఎక్కక్కర్లేదు.

పసిఫిక్ ద్వీపాల్లో అయితే మాటే వేరు. 'టాటూ' అన్న పదమే అక్కడి 'టటౌ' నుంచి వచ్చింది. సమోవాలో మగవాళ్లకు నడుము నుంచి మోకాళ్ల దాకా వేసే 'పెఆ' రోజుల తరబడి సాగుతుంది. నొప్పికి తాళలేక మధ్యలో ఆపేస్తే జీవితాంతం తలవంపు. న్యూజిలాండ్ మావోరీల ముఖం మీది 'మోకో' వంశవృక్షం లాంటిది. పూర్వం అది వేయించుకుంటున్నన్నాళ్లు ఆ మనిషి పవిత్రమైన కట్టుబాటులో ఉండేవాడు. తన చేత్తో తాను తినకూడదు, చెక్క గరాటుతో పోసేవాళ్లు. ఇలాంటివాటిని డిజైన్ బాగుందని ఎత్తుకొచ్చి వేసుకోవడం నాకు నచ్చదు. ఇంకొకరి ఇంటిపేరు తగిలించుకున్నట్టు ఉంటుంది.

దేవుడి గుర్తు వేయించుకునేవాళ్లు ఒంటి మీద చోటు గురించి కూడా ఆలోచించాలి. 2014లో ఒక బ్రిటిష్ మహిళ శ్రీలంకలో దిగగానే భుజం కింద ఉన్న బుద్ధుడి టాటూ చూసి అరెస్టు చేసి, వెనక్కి పంపేశారు. ఆవిడ భక్తితోనే వేయించుకున్నానని చెప్పింది. మూడేళ్ల తర్వాత అక్కడి సుప్రీంకోర్టే ఆవిడకు పరిహారం ఇప్పించింది, అది వేరే సంగతి. మన దేవతల బొమ్మలు నడుము కింద వేయించుకుంటే బాధపడేవాళ్లు చాలామంది. మీరు అనుకుంటున్నది మణికట్టు, అదీ అక్షరాలు. దానితో ఇబ్బంది లేదు.

ఇప్పుడు నేను మీ ఉత్తరంలో రెండుసార్లు చదివిన లైనుకు వస్తాను. 'పెళ్లయ్యాక కూడా నేను ఎవరినో నాకు గుర్తుండాలి.' ఈ మాట అమ్మ గురించి కాదు.

ఐరోపాలోని బోస్నియాలో క్యాథలిక్ ఆడవాళ్లకు ఒట్టోమన్ తుర్కుల పాలన కాలంలో ఒక అలవాటు ఉండేది. ఆడపిల్లలకు చిన్నతనంలోనే చేతుల మీద, వేళ్ల మీద, గుండె మీద శిలువలు పొడిచేవాళ్లు. మసి, తేనె, తల్లిపాలు కలిపిన సిరాతో. పిల్లను ఎత్తుకుపోయినా, బలవంతంగా మతం మార్చినా, తానెవరో చెయ్యి చూసుకుంటే తెలియాలని. ఆ తల్లుల భయం మీకు అర్థమవుతుందనుకుంటాను, ఎందుకంటే మీరు మణికట్టు మీద వేయించుకోవాలనుకుంటున్న దాంట్లో ఆ భయం కొంత ఉంది. కాకపోతే మిమ్మల్ని ఎవరూ ఎత్తుకుపోవడం లేదు. మీరు ఇష్టపడి పెళ్లి చేసుకుంటున్నారు. అలాంటప్పుడు ఈ మాట చెప్పాల్సింది ముందు మీ చేతికి కాదు, ఆ అబ్బాయికి. పెళ్లయ్యాక నేను మంత్రం చదువుకుంటానా, చర్చికి రమ్మంటారా, పిల్లలకు ఏం నేర్పుతాం, అమ్మ తద్దినం రోజు నేను పుట్టింటికి వెళ్తే మీ ఇంట్లో ఏమంటారు. ఇవి అడగకుండా టాటూ వేయించుకుంటే, అత్తగారికి అది అమ్మ జ్ఞాపకంలా కాక సరిహద్దు రాయిలా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే ఆవిడ పూర్తిగా పొరబడినట్టు కూడా కాదు. ఆ అబ్బాయి ఏమంటున్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అది నాకు కాస్త వింతగా అనిపించింది.

నాన్నగారి గురించి కూడా ఒక అనుమానం. ఎనిమిది నెలల కిందట మీకు అమ్మ పోయింది, ఆయనకు భార్య పోయింది. పాతికేళ్లకు పైగా ఆయన చూసిన చేతిరాత అది. కూతురు అన్నం వడ్డించిన ప్రతిసారీ, ఫోన్ పట్టుకున్న ప్రతిసారీ ఆ అక్షరాలు కళ్లబడటం ఆయనకు ఎలా ఉంటుందో మీరు అడిగారా? మైల, స్నానం అనేవి మగవాళ్లు సులభంగా పైకి అనగలిగే మాటలు. చూడలేనమ్మా అనడం కష్టం. నోటుబుక్కు తీసుకెళ్లి ఆయన పక్కన కూర్చోండి. శాస్త్రం మాట్లాడకండి. ఏ లైను బాగుందో ఆయన్నే అడగండి.

కాబట్టి నా మాట: ఇది పాపం కాదు, కానీ పెళ్లికి ముందు వేయించుకోకండి. ఈ నాలుగు నెలల్లో ఆ టాటూ మీ చేతి మీద ఒక్కసారే మూడు పనులు చేయాల్సి వస్తుంది. అమ్మను గుర్తుచేయాలి, నాన్నకు జవాబు చెప్పాలి, అత్తగారింట్లో కాపలా కాయాలి. ఆరు అక్షరాలు అంత బరువు మోయలేవు. పెళ్లయి, ఇంట్లో అందరూ సర్దుకున్నాక, ఎవరితోనూ ఏమీ తేల్చుకోవాల్సిన పని లేని ఒక మామూలు రోజున కూడా మీకు కావాలనిపిస్తే, వెళ్లి వేయించుకోండి. నా మోచేతి కింద ఇరవై ఏళ్ల నాటి అక్షరాలు రెండున్నాయి. మొదటి ఏడాది గంటకోసారి చూసుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితేనే గుర్తొస్తాయి, పుట్టుమచ్చలా. పోగొట్టుకున్నట్టు మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. కానీ చూసిన ప్రతిసారీ గుండె కలుక్కుమనాలని ఆశపడి వేయించుకునేవాళ్లకు ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది.

ఈలోగా స్టెన్సిల్ కాగితంతో చేతి మీద అచ్చు వేయించుకుని చూడండి. ఒకటి రెండు రోజులు ఉండి పోతుంది. కడిగేసుకున్నాక చెయ్యి బోసిగా అనిపిస్తుందో, హాయిగా అనిపిస్తుందో మీకే తెలుస్తుంది.

ఇంకొక్కటి. ఆఖరి లైనే ఎందుకు? జబ్బులో, వణికే చేత్తో రాసిన లైను అది. లేవీయకాండం వద్దన్నది కూడా చనిపోయినవారి కోసం ఒళ్లు గాయం చేసుకోవడమే. నాకు ఆ నిషేధంతో పని లేదు, కానీ ఆ మాటలో ఏదో ఉందనిపిస్తుంది. ఆఖరి లైను అమ్మ చావుకు గుర్తు. వెనక్కి తిప్పండి. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చి గబగబా రాసినట్టున్న పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది. 'య' తోక పక్క లైనులోకి దిగిపోయి, ఎక్కడో ఒకచోట పెన్ను అదిమి సిరా ఊరిన పేజీ. అందులోంచి ఒక లైను తీసుకోండి. ఫొటోగా తీసి అదే గీత మీద గీయించండి, ఫాంట్‌లో టైపు చేయనివ్వకండి. మణికట్టుకు అడ్డంగా వద్దు. అయిదారు సెంటీమీటర్ల చోటులో 'ఓం నమశ్శివాయ' ఇరికిస్తే, సిరా ఏళ్ల తరబడి చర్మంలో పాకుతుంది కాబట్టి పదేళ్లకు గుండ్రాలన్నీ పూడుకుపోతాయి. మోచేతి వైపు నిలువుగా, ఒక్కో అక్షరం సెంటీమీటరుకు తగ్గకుండా వేయించండి. అన్నిటికన్నా ముందు పూడిపోయేది 'శ్శి' కింద ఒత్తు. దాని లోపలి ఖాళీ ఒక ఆవగింజ పట్టేంత ఉందో లేదో సూది దించే ముందు మీరే దగ్గరగా వంగి చూసుకోండి.